అటక మీది పాత డిస్కు

కరీంనగర్‌లో ఉండే మా ఆడపడుచు మొన్న ఫోన్ చేసింది. "వదినా, మా అత్తమ్మ బతుకమ్మ ఆడిన ఫొటోలన్నీ పాత కంప్యూటర్లనే ఉన్నయి. ఊరేమో మిడ్ మానేరుల మునిగె. పిలగాడు కొత్త కంప్యూటర్ బిగించిండు గాని, పాత డిస్కు దానికి అతుకుతలేదు. పారెయ్యాల్నా?" అని.

అయ్యో, పారేయకండి! 2003లో సన్నటి తీగతో పనిచేసే సాటా డిస్కులు రావడం మొదలైంది. అంతకు ముందువాటికి 40 పిన్నుల వెడల్పాటి పట్టీ తీగ ఉండేది. ఇప్పటి మదర్‌బోర్డుల్లో ఆ సాకెట్ ఉండదు. కంప్యూటర్ షాపులో 'ఐడీఈ టు యూఎస్‌బీ' అడాప్టర్ అడగండి. విడిగా కరెంటు ఇచ్చే 12 వోల్టుల అడాప్టర్ కూడా ఉండాలి. ఈ పెద్ద డిస్కుకు యూఎస్‌బీ కరెంటు చాలదు. లేబుల్ మీది బొమ్మ చూసి, వెనకున్న జంపర్‌ను 'మాస్టర్' దగ్గర పెట్టండి. పిన్నులు వంగకుండా మెల్లగా గుచ్చండి.

ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగితే ఒప్పుకోవద్దు, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. టకటక చప్పుడు వస్తే వెంటనే ఆపేయండి. తెరుచుకుంటే ముందుగా రెండు చోట్ల కాపీ చేసుకోండి.

రాత్రి ఆడపడుచు మళ్లీ ఫోన్ చేసింది. "అత్తమ్మ కనవడ్డది వదినా... వెనక మా ఇల్లు సుత!"