పారేసే ముందు విప్పి చూడండి భాయ్

రెండు మూడు నెలలు మూలన నిలబెట్టిన పాత బండి కిక్కు కొట్టినా లేవదు. చోక్ లాగితే లేస్తుంది, వదిలితే ఆగిపోతుంది. సర్వీస్ సెంటర్లో జవాబు తయారుగా ఉంటుంది: "కార్బొరేటర్ పోయింది సార్, కొత్తది వేయాలి." గల్లీ చివర మిస్త్రీ మాత్రం ముందు ఇది అడుగుతాడు: "ఎన్ని దినాలు నిలబెట్టినవ్ భాయ్?" నన్నడిగితే అసలు ఇల్మ్ ఆ ప్రశ్నలోనే ఉంది.

కార్బొరేటర్ అంత సులువుగా చచ్చే వస్తువు కాదు. గాలి దాని ఇరుకు గొంతులోంచి జోరుగా పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి, కింది గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకి లాగబడుతుంది. నిలవున్న పెట్రోలులో తేలిక భాగం ఆవిరై జిగురు మిగులుతుంది. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది మూసుకుంటే ఐడ్లింగ్ ఖతం.

ఇలాజ్ కూడా సీదానే. పెట్రోలు ట్యాప్ బంద్ చేసి, గిన్నె విప్పి, ఫ్లోట్, నీడిల్ వాల్వ్, రెండు జెట్లు తీసి, కార్బ్ క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి. వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనబడాలి. ఇనుప తీగతో పొడవొద్దు. జెట్టు ఇత్తడిది, రంధ్రం వెడల్పయితే మైలేజీ పోతుంది. ఎయిర్ స్క్రూ తీసే ముందు ఎన్ని చుట్లుందో లెక్కపెట్టుకోవాలి. నీడిల్ కొన అరిగితే, ఓరింగు గట్టిపడితే ఆ రెండే మార్చాలి.

మరి ఇంత ఆసాన్ పనిని ఎందుకు వద్దంటారు? పార్టు మారిస్తే బిల్లు వెంటనే తయారవుతుంది. శుభ్రం చేయాలంటే సబర్ కావాలి, చేతికి తజుర్బా కావాలి. బిల్లులో సబర్‌కు కాలమ్ లేదు.

నేను పాత యంత్రాల ఆషిఖ్‌ని కాను. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. పొగ తగ్గింది, మంచిదే. కానీ స్క్రూడ్రైవర్‌కు దొరికే లోపం ఇప్పుడు స్కానర్‌కే దొరుకుతోంది. ఆ స్కానర్, మాన్యువల్ కంపెనీ గుప్పిట్లో ఉంటే మిస్త్రీ రోజీ ఏం కావాలి? బండి మనది, తాళంచెవి వాళ్ళదా?

పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాత బండ్ల రబ్బరు సామాను దీనికోసం తయారైంది కాదు. అంటే మిస్త్రీ జరూరత్ తగ్గలేదు, పెరిగింది.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, ఇంటి సామాన్లు, వాహనాలు అందులో ఉన్నాయి. డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టారు. పోర్టల్‌తో ఇన్సాఫ్ జరగదు. విడిభాగాలు, మాన్యువల్, స్కానర్ వాజిబ్ ధరకు ఏ మిస్త్రీకైనా అందాలనే కానూన్ కావాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది మనం చేయొచ్చు. నెలకు మించి బండి ఆపాల్సి వస్తే గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ తిప్పి పెట్రోలు దించేయండి. పార్టు మార్చాలంటే పాతది విప్పి చూపించమనండి. మిస్త్రీతో బేరమాడే ముందు, ఆ మజూరీ ఇరవై ఏళ్ల హునర్‌కు ఇస్తున్నామని యాద్ పెట్టుకోండి. షాగిర్దులు రావట్లేదని ఉస్తాదులు బాధపడుతుంటే, ఆ హునర్‌కు మనం కట్టిన ఖరీదు చాలా తక్కువని అర్థం.