కాగితం మీదికెక్కిన మాట

1979 చివర్లో లండన్‌లోని లాంకస్టర్ హౌస్‌లో రొడీషియా స్వాతంత్ర్య చర్చలు భూమి దగ్గర ఆగిపోయాయి. తెల్ల రైతుల కింద ఉన్న నేలను, వాళ్ళు ఇష్టపడి అమ్మితేనే, డబ్బిచ్చి కొనాలంది బ్రిటన్. మా తాతల దగ్గర లాక్కున్న నేలను మేమే కొనుక్కోవాలా అన్నారు విమోచన పోరాట నాయకులు ముగాబే, ఎన్‌కోమో. వాళ్ళు లేచి వెళ్ళిపోయేంత వరకూ వచ్చింది. అప్పుడు కామన్వెల్త్ సెక్రటరీ జనరల్ శ్రీదత్ రాంఫాల్ చడీచప్పుడు లేకుండా అమెరికా రాయబారి కింగ్‌మన్ బ్రూస్టర్‌ను కదిపారు. భూమి కొనుగోలుకు తామూ సాయపడతామని కార్టర్ ప్రభుత్వం మాటిచ్చింది. డిసెంబర్ 21న సంతకాలు పడ్డాయి. మరుసటి ఏడాది జింబాబ్వే పుట్టింది.

ఆ మాటలో అంకె లేదు. ఎంత సొమ్ము, ఎన్నేళ్ళలో అన్నది ఒప్పందంలోకి ఎక్కలేదు. ఆశించినంత డబ్బూ రాలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత అక్కడ భూములు లాక్కోవడం మొదలైనప్పుడు ముగాబే ఈ పాత బాకీనే ఎత్తిచూపారు. ఆ విధ్వంసంలో ఆయన సొంత పాపమే ఎక్కువ. అయినా బాకీ మాత్రం అబద్ధం కాదు.

2024 ఆగస్టు 30న 95 ఏళ్ళ వయసులో కన్నుమూసిన రాంఫాల్‌ను తలచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఘట్టమే. చిన్న దేశపు దౌత్యవేత్తకు సైన్యం ఉండదు, ఖజానా ఉండదు. ఉన్నదల్లా మాట. ఆ మాటను రాయించగలిగిన చోట ఆయన గెలిచారు. రాయించలేని చోట చరిత్ర ఆయన చేతిలోంచి జారిపోయింది. అసలు నోరే విప్పని చోటు ఇంకొకటుంది. దాని సంగతి తర్వాత.

ఆయన పుట్టింది 1928లో, అప్పటి బ్రిటిష్ గయానాలోని న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో. చెరకు తోటల్లో కూలిపనికి ఒప్పంద పత్రాల మీద ఓడలెక్కి వెళ్ళిన భారతీయుల సంతతి. ఆ వలస 1838లో మొదలై 1917 దాకా సాగింది. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళిన భోజ్‌పురి ప్రాంతాలవారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన కొద్దిమందిలో మన తెలుగువారూ ఉన్నారు. తమిళుడైనా తెలుగువాడైనా అక్కడ అందరికీ పడ్డ పేరు ఒక్కటే: మద్రాసీ.

లండన్‌లో న్యాయశాస్త్రం చదివొచ్చిన యువకుడు పది ద్వీప భూభాగాల వెస్టిండీస్ ఫెడరేషన్‌లో అసిస్టెంట్ అటార్నీ జనరల్‌గా చేరారు. జమైకా ప్రజలు 1961లో వద్దని ఓటేయడంతో మరుసటి ఏడాదే అది కూలిపోయింది. విడిపోతే ఈ దీవుల గొంతు ఎవరికీ వినపడదన్న భయం ఆయనలో అప్పుడే నాటుకుందని నా అనుమానం. గయానా విదేశాంగ మంత్రిగా ఆ పాఠాన్ని ఆయన యూరప్ మీద ప్రయోగించారు. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలు నలభై ఆరింటిని ఒక్క బల్లకు ఒక్క వైపున కూర్చోబెట్టినవారిలో ఆయన ముందువరసలో ఉన్నారు. మేం సుంకం తగ్గిస్తే మీరూ తగ్గించాలన్న యూరప్ షరతు ఎగిరిపోయింది. 1975 ఫిబ్రవరి నాటి లోమే ఒప్పందంలో పంచదారకు ప్రత్యేక అధ్యాయమే ఉంది: ఏటా సుమారు 13 లక్షల టన్నులు, హామీ ధరకు. చెరకు నరకడానికి తెచ్చిన కూలీల మునిమనవడు పంచదార ధర మీద యూరప్‌తో బేరమాడాడు! ఆ హామీని యూరప్ చివరికి వదిలించుకున్న మాట నిజమే. కానీ అందుకు 2007లో నోటీసిచ్చి, 2009 దాకా ఆగాల్సి వచ్చింది. రాతకున్న బలం అది.

ఇక ఆ మౌనం. 1973 జూలై ఎన్నికల్లో గయానా సైన్యం బ్యాలెట్ పెట్టెలను స్వాధీనం చేసుకుంది. అడ్డుపడిన ఇద్దరు బెర్బిస్‌లో తూటాలకు చనిపోయారు. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ ఉన్నది ఆ బెర్బిస్‌లోనే. ఎన్నికలు జరిపించిన ప్రధాని బర్నమ్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి రాంఫాల్. రాజీనామా చేయలేదు. నల్లవారు, భారతీయులు రెండు శిబిరాలుగా చీలిన దేశంలో ఒక భారతీయుడు ఆ మంత్రివర్గంలో ఉండటమే మేలని సమర్థించేవారున్నారు. ఆ వాదనను కొట్టిపారేయను, అలాగని నన్ను ఒప్పించనూ లేదు. ఆరేళ్ళ తర్వాత రొడీషియాలో మనిషికొక ఓటు కోసం పట్టుబట్టిన గొంతు సొంతూరి ఓటు దగ్గర ఎందుకు పెగల్లేదు?

దక్షిణాఫ్రికా విషయంలో మాత్రం ఆయన తడబడలేదు. వర్ణవివక్ష దేశంతో ఆటలు వద్దన్న 1977 గ్లెన్ఈగల్స్ ఒప్పందం ఆయన హయాంలోనిదే. 1986లో కామన్వెల్త్ పంపిన ప్రముఖుల బృందంలో మన స్వరణ్ సింగ్ కూడా ఉన్నారు. జైల్లో మండేలాను కలిసి రాజీకి దారి వెతుకుతున్న ఆ బృందం ఇంకా అక్కడ ఉండగానే ప్రిటోరియా సైన్యం మూడు పొరుగు రాజధానుల మీద దాడి చేసింది. ఆంక్షలకు బ్రిటన్ ప్రధాని థాచర్ ససేమిరా అన్నారు. రాంఫాల్ తగ్గలేదు. పదిహేనేళ్ళ పదవి 1990లో ముగిసేనాటికి మండేలా బయటికొచ్చారు.

ఆయన ఆఖరి పెద్ద వాదన సొంత నేల కోసం. గయానాలో మూడింట రెండొంతులైన ఎస్సెకిబో తమదేనంటుంది వెనిజులా. 1966లో స్వాతంత్ర్యానికి ముందు జెనీవాలో ఈ వివాదంపై ఒప్పందం కుదిరినప్పుడు అక్కడున్న లాయర్లలో రాంఫాల్ ఒకరు. వేరే దారులు ఫలించకపోతే పరిష్కార మార్గాన్ని ఐరాస సెక్రటరీ జనరల్ ఎంచుకోవచ్చన్న వాక్యం అందులో పడింది. 2020లో కరోనా కాలంలో అంతర్జాతీయ న్యాయస్థానం వీడియో ద్వారా విచారణ జరిపినప్పుడు గయానా తరఫున వాదించినవారిలో 91 ఏళ్ళ రాంఫాల్ ఉన్నారు. ఆ డిసెంబర్‌లో కోర్టు ఈ కేసు వినే అధికారం తనకుందని తేల్చింది. ఆధారం, యాభై నాలుగేళ్ళ నాటి ఆ వాక్యమే.