‘ఈనాడు’ ఎవరి మాట?

ఆ, ఈ, ఏ అనే మూడింటిని త్రికమంటారని, ‘ఈ’ పక్కన ‘నాడు’ చేరితే ‘ఈ దినమున’ అని అర్థమని పాలకీడు పరిసరాల బడులలో ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి. ఆ చిన్నమాట మీదనే సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం నడిచింది.

1974లో విశాఖపట్నంలో వెలువడిన ‘ఈనాడు’ పత్రిక అందరెరిగినదే. బెంగళూరు వ్యాపారి ఒకరు అగరువత్తులకు ఆ పేరు పెట్టారు. అది నిఘంటువులోని మాట, కన్నడంలో ‘ఈ దేశము’ అని అర్థం, ఒక్కరికే హక్కేమిటని వారి వాదం. 2011 మార్చి 3న న్యాయస్థానం దానిని తోసిపుచ్చి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరు వాడరాదన్నది.

మాట జాతి సొత్తు కదా అని నాకు మొదట కష్టం తోచింది. నెమ్మదిగా ఆలోచిస్తే, అక్కడ రక్షణ పొందినది కొనేవారి నమ్మకమని తెలిసింది. అక్షరాలు కూడబలుక్కునే ముసలమ్మకు పొట్లం మీది పేరే సాక్ష్యం. అగరువత్తి మారితే పరిమళం మారుతుంది. మందు మారితే ప్రాణానికే ముప్పు. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే మలేరియా మందుల వివాదంలో, మందుల పేర్ల విషయమై మరింత జాగ్రత్త అవసరమని 2001లో అదే న్యాయస్థానం హెచ్చరించింది.

‘ఈనాడు వాన కురిసింది’ అని నేను వ్రాసుకుంటే ఎవరూ అడ్డురారు. వాక్యంలోని మాట అందరిదీ; సరుకు మీది పేరు, దానికి మన్నన తెచ్చినవారిది. ఇంత పెద్ద నిఘంటువుండగా, ఒకరు పండించిన చేనిలో మరొకరు కొడవలి పట్టడమెందుకు?