చేసుకుంటే పోలా!

‘అంతదూరం వెళ్ళినా ఒక్కపూట కూడా బయట తినలేదండీ, రూములోనే ఉప్మా చేసుకున్నాం’ అని గొప్పగా చెప్పుకునే ఆడవాళ్ళని చూస్తే నాకీమధ్య ఒళ్ళు మండుకొస్తోంది. మొన్నమొన్నటిదాకా ఆ మాట అందరికంటే గట్టిగా చెప్పినదాన్ని నేనే కనక మంట కాస్త ఎక్కువే.

మా అబ్బాయి కాపురం అట్లాంటాలో. కిందటి శీతాకాలం మేం వెళ్ళినప్పుడు మనవడి ముచ్చట తీర్చడానికి అందరం కారెక్కి ఫ్లారిడా బయల్దేరాం. ఆర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ వుంది చూశారూ, 1971 అక్టోబరు 1న తెరిచారు. అప్పుడు ఒక్కటే పార్కు. 1998 నాటికి నాలుగయ్యాయి. ఆ ఆవరణలోనే ఒక రిసార్టులో మూడు రాత్రులకి రూము తీసుకున్నాడు అబ్బాయి. కారు డిక్కీలో సగం బట్టలు, సగం వంటిల్లు. రైస్ కుక్కరు, బొంబాయిరవ్వ, పోపులడబ్బా, చిన్నచాకు, అన్నీ నేను సర్దినవే.

చేరిన రాత్రే మావారు కిందికి వెళ్ళి ఫుడ్‌కోర్టులో ధరలు చూసొచ్చారు. అయిదుగురి టిఫినుకి 70 డాలర్లని తేల్చారు. దాన్ని రూపాయల్లోకి మార్చి, "ఆరువేలోయ్!" అంటూ మంచమ్మీద కూలబడ్డారు.

"దానికేం, పొద్దున్నే కాస్త ఉప్మా చేసుకుంటే పోలా" అన్నాను నేను. అని, హాయిగా నిద్రపోయాను కూడా.

తెల్లవారుఝామున అయిదింటికి మెలకువొచ్చింది. స్నానాలగది తలుపు కింద వెలుతురు, సందులో కుక్కిన తువ్వాలు. తలుపు తోసి చూద్దును గదా, మా కోడలు తొట్టి అంచుమీద కూర్చుని, ఒళ్ళో పార్కు మ్యాపు పరుచుకుని, దానిమీద ఉల్లిపాయలు తరుగుతోంది. అద్దం పక్క ప్లగ్గులో కుక్కరు. పోపు పొగకి అలారం ఎక్కడ మోగుతుందోనని దాని భయం. కళ్ళు ఎర్రగా వున్నాయి. ఉల్లిపాయలవల్లనో, నిద్ర చాలకనో నేనడగలేదు.

"మీరు పడుకోండత్తయ్యా, అయిపోవచ్చింది" అంది.

ఆఫీసుకి మూడురోజులు సెలవుపెట్టి వచ్చిన పిల్ల. వంటింటికి మాత్రం సెలవు లేకపోయింది. దాన్ని నేనే డిక్కీలో పెట్టి వెంట తెచ్చాను కదా!

ఈ ‘చేసుకుంటే పోలా’ అన్న మాట వుంది చూశారూ, అందులో చేసేదెవరో వుండదు. ‘చేసుకుందాం’, ‘చేసుకున్నాం’ అంటే వినడానికి అందరూ కలిసి చేసినట్టే వుంటుంది. తినేది అయిదుగురు, లేచేది ఒకత్తె. మిగిలిందనుకున్న ఆ ఆరువేలూ ఎవరి నిద్రలోంచి మిగిలాయో మావారి లెక్కలో రాదు. అంతెందుకు, నా లెక్కలోనూ రాలేదు.

ప్లగ్గు పీకేశాను. "పోయి పడుకో అమ్మాయ్. ఏడింటికి అందరం కిందికెళ్ళి తిందాం" అన్నాను.

అక్కడి తిండి అమృతమని నేను చెప్పబోవడం లేదు. పెద్ద హాలు, వరసగా కౌంటర్లు. రిసార్టులో దిగినవాళ్ళని పార్కులోకి అరగంట ముందుగా రానిస్తారు గనక జనమంతా ఒక్కసారే పడ్డారు. కొందరు ఫోనులోనే ఆర్డరిచ్చి, వచ్చి అందుకుపోతున్నారు. మిక్కీమౌసు మొహంలా పోసిన వాఫుల్, అదే, మన దిబ్బరొట్టెకి గళ్ళు కొట్టినట్టుంటుంది, మనవడు ముందు దాని చెవులు తినేశాడు. ఆ పిండిలో గుడ్డు వుంటుంది కాబట్టి నాకు పనికిరాదు. ఓట్స్ జావ, బంగాళాదుంప ముక్కలు, పళ్ళు తెచ్చిపెట్టాడు అబ్బాయి. దేనికీ ఉప్పూ కారం లేదు. సంచీలోంచి కరివేపాకు పొడి తీసి చల్లుకున్నాను. పొడిసీసామీద నాకేం పగలేదండోయ్, దానికోసం ఎవరూ అయిదింటికి లేవక్కర్లేదు.

ఖర్చు కాదా అంటారు. ఖర్చే. పార్కు టిక్కెట్లకి వందలకి వందలు పోసినప్పుడు రాని పొదుపు ఆడదాని నిద్ర దగ్గరకొచ్చేసరికి ఎలా గుర్తొస్తుందో నాకు తెలీక అడుగుతాను! మరీ భారమైతే ముందురోజు ఓ రొట్టె, పాలు, అరటిపళ్ళు కొని గదిలో పడేయండి. ఎవరిక్కావలసింది వాళ్ళు తింటారు.

మన తిండి తప్ప పడదంటారు. తిరుమలలో 1985 నుంచీ నిత్యాన్నదానం జరుగుతోంది. ఆ బంతిలో కూర్చుని, చారులో ఉప్పు తగ్గిందని గదికెళ్ళి కుక్కరు పెట్టినవాళ్ళని మీరెవరైనా చూశారా? ప్రసాదమని కళ్ళకద్దుకుని తింటాం. సర్దుకోవడం చేతకాని నాలుకలు కావన్నమాట మనవి. రైల్లోకి పులిహోర, పెరుగన్నం మూటగట్టిన మా అమ్మనీ నేనేం తప్పుపట్టను. ఆ స్టేషన్లలో తినడానికేం దొరికేదని? కానీ ఆ మూటకోసం ఆవిడ ఎన్ని గంటలకి లేచేదో నేను ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

అన్నట్టు ఆ ఫుడ్‌కోర్టులో ఒక మగ్గు అమ్ముతారు. కొంటే, వున్నన్నాళ్ళూ కాఫీ, టీ ఎన్నిసార్లయినా పట్టుకోవచ్చు. అడుగున చిప్పు వుంటుంది, దాన్ని బట్టి యంత్రం గుర్తుపడుతుంది. మావారు గిట్టుబాటు కోసం మూడుసార్లు లేచి వెళ్ళి తెచ్చుకున్నారు. నలభయ్యేళ్ళ కాపురంలో ఆయన కాఫీ ఆయన తెచ్చుకోగా చూడటం నాకదే మొదలు. ఇంకా చిత్రం, అక్కడ ఎవరి ఎంగిలి పళ్ళెం వాళ్ళే తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడెయ్యాలి. తిన్నాక ఆయన అటూ ఇటూ చూశారు, తర్వాత నావంక చూశారు. నేను గోడమీద బొమ్మలవంక చూశాను. కోడలు లేవబోతే మోకాలిమీద చెయ్యివేసి కూర్చోబెట్టాను. చివరికి ఆయనే లేచారు. అబ్బాయి తనదీ, పెళ్ళాందీ, పిల్లాడిదీ తీసుకుని వెనకాలే వెళ్ళాడు. ఆకాశం ఏమీ విరిగి మీదపడలేదు.

మూడుపూటలూ అలాగే తిన్నాం. నాలుగోరోజు తిరుగు ప్రయాణం. సామాను సర్దుతూ, కట్టు విప్పని రవ్వపొట్లం చూసి మావారు, "అయ్యో, ఇదంతా అలాగే వుండిపోయిందే! ఇంటికెళ్ళాక చేసుకుంటే పోలా" అన్నారు.

"ఎవరండీ?" అన్నాను.