పెట్టె ఇంటికి రాకముందే

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది.

"అన్నా, మా రూంల ఒకాయన వణుకుతుండు. ఒకటే చెమటలు, వాంతులు. దవాఖానకు తీస్కపోదమంటే అందరు భయపడ్తున్రు. జర వస్తవా?"

షినాస్ చిన్న ఊరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, కాస్త పైకి పోతే ఎమిరేట్స్ సరిహద్దు. తెలుగు మాట వినబడితే రోడ్డు మీద ఆగి పలకరించుకుంటాం. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్లవాణ్ణి. నా దగ్గర కారుంది కాబట్టి నాకు ఫోన్ చేశారు, అంతే.

వెళ్ళి చూస్తే జగిత్యాల వైపు మనిషి, తాపీ పని. ఇటుకలు మోసి మోసి నడుము పట్టేసింది. సెలవుకెళ్ళొచ్చిన ఒకడు ట్రమడాల్ షీట్లు తెచ్చిచ్చాడు. ట్రమడాల్ అంటే నల్లమందు లాగే మెదడు మీద పనిచేసే నొప్పి మాత్ర. మొదట రోజుకి ఒకటి, తర్వాత మూడు, ఆ తర్వాత లెక్క లేదు. షీట్లు అయిపోయిన మూడో రోజది. నన్ను చూడగానే "బతుకుతనా?" అని అడగలేదు. "కేసయితదా అన్నా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఏం మింగాడని అడిగితే, మాతో వచ్చినవాళ్ళు నేల చూపులు చూశారు. చివరికి అతనే చెప్పాడు. చెప్పాడు కాబట్టే సరైన వైద్యం దొరికింది, కోలుకున్నాడు. చెప్పకపోతే? ఊహించడానికి కూడా భయం వేస్తుంది.

"మింగమని ఎవడు చెప్పాడండీ?" అని అడిగే పెద్దలకి ఒక మాట. వ్యసనం మన ఊళ్ళకి కొత్తా? 2015 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేశారు. మంచిదే. కానీ అల్ప్రాజోలం కలిసిన కల్లుకి ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ శరీరాలు ఒక్కసారి అది ఆగితే ఏమవుతాయో ముందుగా ఆలోచించలేదు. నిజామాబాద్, మెదక్ పల్లెల నుంచి జనం ఫిట్సుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకి వరస కట్టారు. ఎర్రగడ్డ నిండిపోయింది. సరుకు ఆపడానికి ప్రభుత్వానికి మనుషులున్నారు. ఆపాక మనిషిని పట్టుకోవడానికి లేరు. ఆ పల్లెల నుంచే కదా మనవాళ్ళు గల్ఫ్ విమానం ఎక్కేది!

ఇప్పుడు మాత్రం ఏం మారింది? మత్తుమందుల మీద ఫోన్ చెయ్యడానికి తెలంగాణలో 1908 ఉంది, ఆంధ్రలో 1972 ఉంది. రెండూ పోలీసు విభాగాలవే. అమ్మేవాణ్ణి పట్టుకోవడానికి అవి కావాలి, కాదనను. కానీ రాత్రిపూట వణుకుతున్నవాడు పోలీసు నంబరు నొక్కుతాడా? కేంద్రానికి 14446 ఉంది, మానసిక ఆరోగ్యానికి 2022లో మొదలైన టెలి మానస్ 14416 ఉంది. మంచి పనులే. అయితే ఇవన్నీ దేశం లోపలి ఫోన్ల కోసం పెట్టిన పొట్టి నంబర్లు. ఒమాన్ సిమ్ము ఉన్నవాడికి ఇవి ఎందుకు పనికొస్తాయి? చూడటానికి అన్నీ ఉన్నట్టే ఉంటుంది, కావలసినవాడికి అందదు. మా సాఫ్ట్‌వేర్‌లో దీన్ని పని పూర్తయిందనరు!

చట్టం కూడా మనం భయపడినంత గుడ్డిది కాదు. మన దేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. తనంతట తాను వైద్యానికి వెళ్ళే బాధితుడికి, చిన్న మోతాదు కేసుల్లో, విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ఒమాన్ కూడా తన 1999 చట్టంలో స్వయంగా వైద్యం కోరి వచ్చినవాడి మీద కేసు లేకుండా వీలు పెట్టింది. మస్కట్ దగ్గర అల్ అమరాత్‌లో వ్యసనాలకి వైద్యం చేసే అల్ మసర్రా ఆసుపత్రి ఉంది. కానీ షినాస్ నుంచి అది 250 కిలోమీటర్ల పైనే. పైగా వీసా మీద బతికేవాడికి ఉద్యోగం పోతుందన్న భయం వేరే ఉంటుంది. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. అందుకే అతనికి ముందు కావలసింది, నిజం చెప్పినా శిక్షించని ఒక గొంతు, తెలుగులో.

అమెరికాలో ఉన్న మన చుట్టాల్ని అడగండి. 2022లో అక్కడ మత్తుమందులు మోతాదు మించి దాదాపు 1,08,000 మంది చనిపోయారు. ఓపియాయిడ్ వల్ల ఆగిపోతున్న ఊపిరిని వెనక్కి తెచ్చే నాలోక్సోన్ అనే మందుని 2023 మార్చిలో చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు. గ్రంథాలయాల్లో కూడా పెడుతున్నారు. 2024కి చావులు సుమారు 80,000కి తగ్గాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఈ మందు అందుబాటులోకి రావడం వాటిలో ఒకటని నిపుణులంటారు. అది లక్షల శవాల తర్వాత నేర్చుకున్న పాఠం. మనమూ అంత ఫీజు కట్టే నేర్చుకోవాలా?

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలిచ్చే ఉత్తర్వు తెచ్చింది. ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది, సంతోషం. కానీ అయ్యా, ఆ డబ్బు పెట్టె ఇంటికొచ్చాక ఇచ్చేది. మనిషి ఊపిరితో ఉండగా అతని కోసం ఎంత ఖర్చు పెడుతున్నాం?

నేను అడిగేది పెద్దదేం కాదు. విదేశాల నుంచి కలిసే పూర్తి నంబరు ఒకటి, వాట్సాప్‌తో సహా. అవతల తెలుగులో మాట్లాడే నర్సో డాక్టరో ఉండాలి, పోలీసు కాదు. ఒక కంపెనీ సర్వరు పడిపోతే తెల్లవారుజామున మూడింటికి లేచి ఫోన్ ఎత్తడానికి నాకు జీతమిస్తారు. మనిషి పడిపోతే ఎత్తేవాడు ఉండొద్దా? విమానం ఎక్కేముందు ఇచ్చే శిక్షణలో మాత్రల గురించి అరగంట చెప్పాలి. ఎవరి కోసమూ మందులు మొయ్యొద్దని, తన మందుకి డాక్టరు చీటీ దగ్గరుంచుకోమని.

ఇక మన సంఘాలు. ఉగాదికి హాలు మాట్లాడతాం, గాయకుల్ని పిలుస్తాం. అదే హాల్లో ఒక గంట ఒక నర్సు చేత చెప్పించలేమా? కంటిపాప సూదిమొనంత అయిపోయి, పెదాలు నీలంగా మారి, ఊపిరి మందగిస్తే అది నిద్ర కాదని. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే 9999కి ఫోన్ చెయ్యాలని. ఏం మింగాడో డాక్టరుకి దాచొద్దని.

ఆ తాపీ పనివాడు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఆ రోజు నువ్వు రాకుంటే..." అని ఆగిపోయాడు. నేను వెళ్ళడం గొప్ప కాదు. షినాస్‌లో ఒక మనిషి ప్రాణం, ఎవరికో కారు ఉండటం మీద, ఆ రాత్రి వాడు ఫోన్ ఎత్తడం మీద ఆధారపడింది. అదీ నా కోపం!