గుడి గోడ దగ్గర గంటసేపు

"వేళకు వండిపెట్టడం, టీవీ ముందు కూర్చోవడం తప్ప మా రోజుల్లో ఇంకేముందండీ?" అని ఒక సోదరి రాశారు. ఆవిడకు జవాబుగా మా వారి సంగతి చెబుతాను.

ఆయన కోలారు బంగారు గనుల్లో, భూమి లోపల పనిచేసిన మనిషి. అక్కడి చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటుతుందని వినే ఉంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. మొదటి షిఫ్టు వేళకు మెలకువ రావడం మాత్రం మానలేదు. లేచి, తయారై, వాకిట్లో కూర్చునేవారు. డబ్బుకు ఇబ్బంది ఒక ఎత్తు, ఆ మౌనం ఇంకొక ఎత్తు.

తరువాత మా అత్తగారి పుట్టినూరు కురుడుమలె చేరాం. ముళబాగిలు నుంచి సుమారు 10 కిలోమీటర్లు. అక్కడి వినాయకుడు ఏకశిల, ఎత్తు 13 అడుగుల పైమాటే. ఆ స్వామిని చూసినవాళ్లలో చాలామంది దగ్గర్లోని సోమేశ్వరుడి గుడికి వెళ్లకుండానే కారెక్కేస్తారు. ఆ గుడిని సగం జకణాచారి, సగం ఆయన కొడుకు డంకణాచారి చెక్కారని ఊళ్లో చెప్పుకుంటారు. రుజువులు అడగకండి, అది కథ. మా వారిని మాత్రం ఆ కథ పట్టుకుంది. తండ్రి చెయ్యి ఎక్కడ ఆగింది, కొడుకు చెయ్యి ఎక్కడ మొదలైంది అని వెతకసాగారు. గుర్తుండడానికి మా అబ్బాయి పాత నోటుబుక్కులో గీసుకునేవారు.

బొమ్మలు వేయడం ఆయనకు రాదు. మొదటి స్తంభం కొబ్బరిచెట్టులా వంగింది. నంది మేకలా వచ్చింది. అయినా రోజూ ఒక గంట. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతుంటే చెక్కడాలు లేచి కనిపిస్తాయి, మధ్యాహ్నానికి అవే గోడలో కలిసిపోతాయి. రాయిని ఎలా చూడాలో ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా! ఉలి ఎక్కడ జారిందో, రాయి ఎక్కడ బీటవారిందో ఇంటికొచ్చి చెప్పేవారు. ఆయన నోట అన్ని మాటలు విని ఎన్నాళ్లయిందో!

బొమ్మల కింద పేర్లు తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడం. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. మా జిల్లాలో ఎన్నో ఇళ్ల సంగతి ఇదే. బెంగళూరు నుంచి వచ్చిన మనవరాలు కూడబలుక్కుని చదివి, "తాతా, దూలం అంటే ఏంటి?" అంటుంది. ఆయన ఇంటి పైకప్పు చూపిస్తారు.

"దీనివల్ల ఏమొస్తుంది?" అని అడిగే చుట్టాలకు కొదవ లేదు. ఒకాయన ఫ్రేములు కట్టించి అమ్మమన్నారు. ఒకావిడ పోటీకి పంపమన్నారు. నాకైతే ఈ సలహాలు గిట్టవు. మనిషిని ఒక్క గంట లాభనష్టాలు లేకుండా ఉండనివ్వరెందుకో!

దగ్గర్లో గుడి లేకపోతే పెరట్లో జామచెట్టు చాలు. మెత్తటి పెన్సిలు ఒకటి, నోటుబుక్కు ఒకటి. చెట్టంతా గీయాలని కూర్చోకండి, ఒక్క ఆకు గీయండి. గుళ్లో అయితే కాగితం శిల్పం మీద పెట్టి రుద్దకండి, దణ్ణం పెట్టుకునేవారికి అడ్డం కూర్చోకండి. మేము ఆదివారం గీత పని కాగానే ముళబాగిలు పోయి దోసె తింటాం. అడుగున కరకర, పైన మెత్తన. అది కూడా ఈ అలవాటులో భాగమే.

ఇప్పటికి 11 నోటుబుక్కులు నిండాయి. నంది ఇంకా మేకలాగే ఉంది.