బ్రిటన్‌లో మనవల సంరక్షణ సొమ్ము: నోటిమాట చాలదు, కాగితం కావాలి

హోసూరులో మా సంఘానికి వచ్చే పెద్దలు ఒకప్పుడు బడిలో తెలుగు చదువు గురించి, భాషా మైనారిటీ హక్కుల గురించి అడిగేవారు. ఇప్పుడు వాటితోపాటు ఇంకో ప్రశ్న కూడా తెస్తున్నారు. "మా అమ్మాయి బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తోంది. పిల్లాణ్ణి చూసుకునే ఆమెకు జీతంలో పెద్ద భాగం పోతోందట. అక్కడ ప్రభుత్వం వోచర్లు ఇస్తుందని విన్నాం, అవి ఏమయ్యాయి?"

మొన్న ఒక తల్లి తగువు గురించే చెప్పుకుంది. ఆమె కూతురు పిల్లాణ్ణి దగ్గర్లోని ఒక తెలుగావిడ ఇంట్లో వదిలి ఆఫీసుకు వెళ్తుంది. ఇలా తమ ఇంట్లోనే పరాయి పిల్లల్ని చూసుకునేవారిని అక్కడ చైల్డ్‌మైండర్ అంటారు. ఒక నెల సొమ్ము అందలేదని ఆవిడ అంది, తాను కట్టేశానని కూతురు అంది. పండక్కి ఒకరింటికొకరు వెళ్లే రెండు కుటుంబాలకు మాటలు ఆగిపోయాయి. విచారిస్తే ఇద్దరూ అబద్ధం ఆడలేదని తేలింది. కూతురు ప్రభుత్వ ఖాతాలో డబ్బు వేసింది, అక్కడినుంచి ఆవిడకు పంపే రెండో మెట్టు మరిచిపోయింది.

మేము జీవితమంతా గుమాస్తా పని చేసినవాళ్లం. మాకు తెలిసిన వోచరు అంటే డబ్బు చెల్లించాక ఫైల్లో పెట్టే సాక్ష్యం. బ్రిటన్‌లో వోచరే డబ్బు. ఉద్యోగి జీతంలో కొంత వదులుకుంటే యజమాని ఆ మేరకు వోచర్లు ఇస్తాడు, ఆ భాగానికి పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ ఉండవు. మామూలు పన్ను రేటు వారికి నెలకు 243 పౌండ్ల వరకు ఈ సౌకర్యం ఉంది. అయితే 2018 అక్టోబరు 4తో కొత్తవారికి తలుపు మూశారు. అప్పటికే చేరి, అదే యజమాని దగ్గర ఉన్నవారికే కొనసాగుతోంది. ఒకసారి బయటికొస్తే మళ్లీ చేరలేరు.

వోచర్ల స్థానంలో వచ్చింది టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ ఖాతా. తల్లిదండ్రులు 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపుతుంది. ఒక్కో బిడ్డకు మూడు నెలలకు 500 పౌండ్లు, ఏడాదికి 2,000 పౌండ్లు పరిమితి. వికలాంగులైన పిల్లలకు దీనికి రెట్టింపు. నెల రుసుము 800 పౌండ్లయితే 640 వీరు వేస్తారు, 160 ప్రభుత్వం కలుపుతుంది. అదే 1,000 పౌండ్లయితే నెలకు 200 వస్తుందనుకుంటాం. మూడు నెలలకు అది 600 అవుతుంది, పరిమితి 500 దగ్గరే ఆగుతుంది. ఆ 100 పౌండ్లు తల్లిదండ్రుల చేతినుంచే పోతాయి. చాలా ఇళ్లలో నెల చివర లెక్క తప్పేది ఇక్కడే. పాత వోచరు, ఈ ఖాతా రెండూ కలిపి వాడుకోవడం కుదరదు.

తగువులకు ఇంకో రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఈ ఖాతానుంచి వెళ్లే సొమ్ము చైల్డ్‌మైండర్ బ్యాంకు పద్దులో తల్లి పేరుతో కనిపించదు. నాలుగు అక్షరాలు, ఐదు అంకెలు, చివర టీఎఫ్‌సీ అనే గుర్తుతో కనిపిస్తుంది. నలుగురు పిల్లల్ని చూసుకునే ఆవిడకు ఏ గుర్తు ఎవరిదో రాసి ఇవ్వకపోతే ఒకరి సొమ్ము ఇంకొకరి పద్దులో పడుతుంది. రెండోది, తమ ఉద్యోగ వివరాలు మారలేదని మూడు నెలలకోసారి తల్లిదండ్రులు మళ్లీ ధ్రువీకరించాలి. మరిచిపోతే ప్రభుత్వ వాటా ఆగుతుంది. ప్రభుత్వ వాటా ఆగినా, డబ్బు ఆలస్యమైనా రుసుము బాకీ తల్లిదండ్రులదే. చైల్డ్‌మైండర్ ఒప్పుకున్నది తల్లిదండ్రులతో, ప్రభుత్వంతో కాదు. ఈ మాట మనవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకంటే పెద్ద సంగతి వీసాది. పైన చెప్పిన తల్లి అల్లుడికి శాశ్వత నివాస అనుమతి ఉంది కాబట్టి వారికి ఈ ఖాతా దక్కింది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లినవారికి సాధారణంగా ప్రభుత్వ నిధుల సాయం తీసుకోరాదన్న షరతు ఉంటుంది. దంపతులిద్దరికీ ఆ షరతు ఉంటే ఈ ఖాతా తెరవలేరు. ఇంగ్లండ్‌లో 2025 సెప్టెంబరు నుంచి ఉద్యోగస్తుల పిల్లలకు తొమ్మిది నెలల వయసునుంచే వారానికి 30 గంటల ఉచిత సంరక్షణ అమలవుతోంది. అదీ వీరికి అందదు. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ బడి వారాల్లో ఇచ్చే 15 గంటలు మాత్రం అందుతాయి.

వీరు పన్ను అందరిలాగే కడతారు. దానిపైన వీసాతోపాటు ఆరోగ్య రుసుము కింద పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు ముందే కడతారు. ఇన్నాళ్లూ ఐదేళ్లకు శాశ్వత నివాసం వస్తుంది, ఆ తర్వాత ఈ షరతు పోతుంది అన్న ఆశ ఉండేది. 2025 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం ఆ గడువును సాధారణంగా పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. ఉద్యోగానికి వెళ్లిన ఏడాదే పుట్టిన బిడ్డకు పదేళ్లు వచ్చేసరికి ఉచిత గంటల వయసు దాటిపోతుంది. టాక్స్ ఫ్రీ ఖాతా కూడా 11 ఏళ్లు నిండాక వచ్చే సెప్టెంబరుతో ముగుస్తుంది. అంటే సాయం అవసరమైన ఏళ్లన్నీ సాయం లేకుండానే గడుస్తాయి. పన్ను కట్టేటప్పుడు లేని తేడా బిడ్డ దగ్గర ఎందుకన్నది మా ప్రశ్న. అక్కడి తెలుగు సంఘాలు ఈ ప్రశ్నను తమ ఎంపీల ముందు పెట్టాలి.

సాయం అందనప్పుడు మనవాళ్లు రెండు దారులు వెతుకుతున్నారు. రెండింటిలోనూ ప్రమాదం ఉంది.

మొదటిది, రిజిస్ట్రేషన్ లేని తెలిసినావిడకు చేతికి నగదు ఇవ్వడం. ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని రోజుకు రెండు గంటలకు మించి డబ్బు తీసుకుని తన ఇంట్లో చూసుకునేవారు ఆఫ్‌స్టెడ్‌లో గాని, చైల్డ్‌మైండర్ ఏజెన్సీలో గాని నమోదు కావాలి. కాకపోతే చట్టరీత్యా నేరం. వోచర్లు, టాక్స్ ఫ్రీ సొమ్ము కూడా నమోదైనవారికే చెల్లుతాయి. మనమ్మాయే కదా అని నగదు ఇస్తే రేపు చిక్కుల్లో పడేది ఆ అమ్మాయే.

రెండోది, అమ్మమ్మనో నాయనమ్మనో పిలిపించుకోవడం. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండవచ్చు. చుట్టపుచూపుగా వెళ్లి మనవణ్ణి చూసుకోవడం తప్పు కాదు, కాని అది ఉద్యోగం కాకూడదు, జీతం పుచ్చుకోకూడదు. ఒకదాని వెంట ఒకటిగా వెళ్తూ అక్కడే కాపురమున్నట్టయితే తర్వాతి వీసాకే ముప్పు. అధికారి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మోకాళ్ల నొప్పులతో, మాట్లాడే తోడు లేక, చలిలో బిడ్డను ఎత్తుకుని తిరిగి వచ్చిన వదినలు, అక్కలు మన మధ్యే ఉన్నారు. వారి శ్రమకు ఏ ఖాతాలోనూ పద్దు లేదు. పంపే ముందు వారి ఇష్టం కూడా అడగాలి.

ఇక్కడినుంచి మనం చేయగలిగిందీ ఉంది. పిల్లలు ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగూ అడగండి. చైల్డ్‌మైండర్ రిజిస్ట్రేషన్ నంబరు చూశారా? నెల రుసుము ఎంత, ఏ తేదీకి, సెలవు రోజులకు కట్టాలా, మానేస్తే ఎన్ని వారాల ముందు చెప్పాలి అన్నది రాసుకుని ఇద్దరూ సంతకం చేశారా? బిడ్డ గుర్తు ఆమెకు రాసిచ్చారా? మూడు నెలల ధ్రువీకరణ తేదీ క్యాలెండరులో పెట్టారా? చైల్డ్‌మైండర్‌గా ఉన్న మన ఆడపడుచులు కూడా సొమ్ము అందిన ప్రతిసారీ రశీదు ఇవ్వాలి. వోచరుగా వచ్చినా, ఖాతానుంచి వచ్చినా అది ఆదాయమే, పన్ను లెక్కలో చూపాల్సిందే.

మనవాళ్లలో కాగితం అడిగితే నమ్మకం లేదా అని నొచ్చుకునే అలవాటు ఉంది. ఆ రెండు కుటుంబాలు ఇప్పుడు ఒక పేజీ రాసుకుని చెరొక నకలు పెట్టుకున్నాయి. పిల్లాడు మళ్లీ ఆవిడ ఇంటికే వెళ్తున్నాడు.